నెల తప్పకముందే గర్భం తెలుస్తుందా? రొమ్ముల నొప్పి, గోధుమరంగు మరక, స్ట్రిప్ మీద బూడిద గీత

నెలవంక అడిగిన ప్రశ్న

ఆఖరి నెలసరి మొదలైంది మార్చి 3న. నాకు నెల 30 నుంచి 33 రోజుల మధ్య వస్తుంటుంది. ఇవాళ మార్చి 29, అంటే 27వ రోజు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న నెలే. మార్చి 25 నుంచి రొమ్ములు బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నాయి. మధ్యాహ్నం దాటితే కళ్ళు మూతలు పడుతున్నాయి. నిన్న లోదుస్తుల మీద గోధుమరంగు మరక ఒకటి, చిటికెనవేలి గోరంత. మళ్ళీ లేదు. ఇవాళ సాయంత్రం స్ట్రిప్ పెడితే ఒకటే గీత. పారేద్దామని పావుగంట తర్వాత చేతిలోకి తీసుకుంటే, రెండో గీత రావాల్సిన చోట సన్నగా బూడిదరంగులో ఏదో కనిపించింది.

ఎక్కడ చదివినా ఒకే జాబితా. దానికే ఒకచోట నెలసరి ముందు లక్షణాలని పేరు, ఇంకోచోట గర్భం తొలి లక్షణాలని పేరు. ఈ రెంటినీ విడదీసే గుర్తు ఒక్కటైనా ఉందా? ఆ బూడిద గీతను లెక్కలోకి తీసుకోవాలా? మళ్ళీ ఎప్పుడు, ఎలా చూసుకుంటే తేలుతుంది?

వారాల_లెక్క

మీకు జవాబు లక్షణాల్లో దొరకదు, తేదీల్లో దొరుకుతుంది. మీరు తేదీలు ఇచ్చారు కాబట్టి పని సులువు.

నెల ఎంత పొడవున్నా, అండం విడుదలైన రోజు నుంచి తర్వాతి నెలసరికి సుమారు 14 రోజులు పడుతుంది. ఒకరికి 12 ఉండొచ్చు, ఒకరికి 15 ఉండొచ్చు, అంతకు మించి పెద్దగా మారదు. సాగేదీ కుంచించుకునేదీ మొదటి సగమే. మీ తర్వాతి నెలసరి ఏప్రిల్ 2 నుంచి 5 మధ్య రావాలి. అందులోంచి 14 తీసేస్తే అండం విడుదలైంది మార్చి 19 నుంచి 22 మధ్య. ఇవాళ్టికి 7 నుంచి 10 రోజులు గడిచాయి.

అండం ఫలదీకరణ చెందినా వెంటనే ఒంటికి ఆ కబురు అందదు. అది అండాశయం నుంచి గర్భసంచికి వచ్చే ట్యూబులోంచి దిగి, గర్భసంచి గోడకు అతుక్కున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోను తల్లి రక్తంలో కలవడం మొదలవుతుంది. అతుక్కోవడం అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య జరుగుతుంది, ఎక్కువమందిలో 8, 9, 10 రోజుల్లో. ఇప్పుడు మీ రొమ్ముల నొప్పి తేదీ చూడండి. మార్చి 25 నాటికి మీకు అండం విడుదలై 3 నుంచి 6 రోజులు. గర్భం వచ్చి ఉన్నా అప్పటికి పిండం ఇంకా అతుక్కోకుండా తిరుగుతూనో, అప్పుడే అతుక్కోవడం మొదలుపెడుతూనో ఉంటుంది. కాబట్టి ఆ నొప్పికి గర్భం కారణం కావడానికి లెక్క కుదరదు.

మరి నొప్పి ఎందుకంటే, ప్రొజెస్టెరాన్. అండం బయటికొచ్చాక అండాశయంలో మిగిలిపోయిన పొరే కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథిగా మారి ఈ హార్మోను వదులుతుంది. గర్భం వచ్చిందా రాలేదా అని చూసుకోదు, ప్రతినెలా వదులుతుంది. రొమ్ముల్లో బరువు, కడుపు ఉబ్బరం, మలబద్ధకం అన్నీ దాని పనే. కునుకు కూడా. ప్రొజెస్టెరాన్ విరిగి తయారయ్యే పదార్థాలు మెదడు మీద కాస్త మత్తుమందులా పనిచేస్తాయి. గర్భం వస్తే హెచ్‌సీజీ వచ్చి ఆ గ్రంథిని నిలబెడుతుంది, ప్రొజెస్టెరాన్ కొనసాగుతుంది. రాకపోతే గ్రంథి ఎండిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, నెలసరి వస్తుంది. అంటే నెల తప్పేదాకా రెండు దారుల్లోనూ ఒంట్లో ఉన్న హార్మోను ఒకటే. జాబితాలు రెండూ ఒకేలా ఉండటం రాసినవాళ్ళ తప్పు కాదు.

దీన్ని తిరగేసి చదవకండి. ఆ నొప్పి గర్భానికి రుజువు కాదన్నానే తప్ప గర్భం లేదనలేదు.

రెంటినీ విడదీసే గుర్తు ఒకటుంది, కానీ ముందునుంచే రాసిపెట్టుకున్నవాళ్ళకే పనికొస్తుంది. రోజూ ఉదయం మంచం దిగకముందు, ఒకే సమయానికి కొలిచే ఒంటి ఉష్ణోగ్రత. అండం విడుదలయ్యాక అది 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. గర్భం లేకపోతే నెలసరి దగ్గరపడేసరికి దిగిపోతుంది. పెరిగినది 18 రోజులు దాటినా దిగకపోతే గర్భానికి గట్టి సూచన. ఈ నెల ఇప్పుడు మొదలుపెట్టి లాభం లేదు. పోల్చుకోవడానికి మొదటి సగం అంకెలు మీ దగ్గర లేవు.

గీత_రెండు

స్ట్రిప్ సంగతి నేను చెప్తాను. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే బూడిద గీత గొడవ తీరిపోతుంది.

మూత్రం పీల్చుకునే చోట రంగు అద్దిన సూక్ష్మ కణాలుంటాయి, చాలా కిట్లలో బంగారు కణాలే. ఆ గులాబీ ఎరుపు వాటిదే. ప్రతి కణానికీ హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీ అంటించి ఉంటుంది. మూత్రంతో పాటు ఇవి పైకి పాకుతాయి. టి గీత (గర్భం ఉంటే వచ్చే రెండో గీత) దగ్గర కంటికి కనపడని వరసలో ఇంకో యాంటీబాడీ కాచుకుని ఉంటుంది, అది హెచ్‌సీజీని రెండో వైపు నుంచి పట్టుకుంటుంది. హార్మోను ఉంటే కణాలు అక్కడ ఆగి రంగు గీతవుతుంది. లేకపోతే దాటిపోయి సి గీత (పరీక్ష సరిగ్గా నడిచిందని చూపే గీత) దగ్గర ఆగుతాయి. అందుకే సి గీత రాకపోతే, టి గీత వచ్చినా సరే, ఆ పరీక్ష చెల్లదు.

టి గీత దగ్గర అద్దిన యాంటీబాడీ వరస తడి ఆరేటప్పుడు సన్నటి నీడలా కనిపిస్తుంది. దాన్నే ఆవిరి గీత అంటారు. దానికి రంగుండదు, బూడిదగానో తెల్లగానో ఉంటుంది, తరచు సి గీత కన్నా సన్నగా ఉంటుంది, ముఖ్యంగా గడువు దాటాక వస్తుంది. మీరు పావుగంటకు చూశారు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. అదే 5 నిమిషాల లోపు, ఎంత లేతగా అయినా సరే, సి గీతతో సమానమైన వెడల్పులో గులాబీ రంగు గీత వస్తే అది నిజమైన గీత. ముదురు రంగుంటేనే గర్భం, లేతయితే సగం గర్భం అనేది లేదు.

చేసే పద్ధతిలో జనం తప్పేవి ఇవే. కవరు మీద గడువు తేదీ చూడరు. కవరు ముందురోజే చింపి పెట్టుకుంటారు, తేమ తగిలితే పట్టీ పాడవుతుంది. సాయంత్రం చెంబెడు నీళ్ళు తాగి మరీ చేస్తారు, మూత్రం పలచబడి ఉన్న కాస్త హార్మోనూ కరిగిపోతుంది. తెల్లవారగానే మొదటిసారి వచ్చే మూత్రం వాడండి. కుదరకపోతే కనీసం 4 గంటలు ఆపుకున్నది, ఆలోపు నీళ్ళు మామూలుగానే తాగుతూ. సబ్బు అంటుకోని, పొడిగా ఉన్న గిన్నెలో పట్టండి. ముంచే పట్టీ అయితే బాణం గుర్తు దగ్గరున్న గీత దాటకుండా, కాగితంలో ఎన్ని సెకన్లని ఉంటే అన్ని సెకన్లు. కిటికీ ఉన్న కార్డు అయితే డ్రాపర్‌తో చెప్పినన్ని చుక్కలు, మామూలుగా 3. ఎక్కువ పోస్తే మేలు జరగదు, కణాలు కొట్టుకుపోయి కిటికీ అంతా ఎర్రబడుతుంది. బల్ల మీద పడుకోబెట్టి, గడియారం పెట్టుకుని 3 నుంచి 5 నిమిషాల మధ్య చూడండి. 10 నిమిషాలు దాటాక పారేయండి, మళ్ళీ వెలుతురులో పెట్టి చూడొద్దు.

మామూలు కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల హెచ్‌సీజీని పట్టుకుంటాయి. కొన్ని 10కే పట్టుకుంటాయి. 10 కిట్టు కొంటే ముందే తెలుస్తుందనే ఆశ ఉంటుంది గానీ, దాని ఇబ్బంది దానికుంది. అతుక్కుని రెండు మూడు రోజుల్లోనే జారిపోయే గర్భాలు చాలా ఉంటాయి, వాటిని నెలసరి కాస్త ఆలస్యమైందనుకుని దాటేస్తాం. ఆ కిట్టు వాటిని కూడా చూపించి, నాలుగు రోజులకే ఏడిపిస్తుంది.

చక్కెర మీద మూత్రం పోసి చూడటం, సబ్బు నురగ, టూత్‌పేస్ట్ పొంగు, వీటికి హెచ్‌సీజీతో ఏ సంబంధమూ లేదు. టూత్‌పేస్ట్ పొంగేది మూత్రంలోని ఆమ్లానికి.

నెలవంక

25వ తేదీ లెక్క కొత్తగా తెలిసింది, ధన్యవాదాలు. గీత సంగతి వదిలేశాను. మరి ఆ మరక? 28న అంటే 6 నుంచి 9 రోజులు. అతుక్కునే సమయానికి సరిపోతోంది కదా.

వారాల_లెక్క

సరిపోతోంది. సరిపోయినంత మాత్రాన అదే అని కాదు. పిండం అతుక్కునేటప్పుడు రక్తం కనిపిస్తుందనేది అందరూ చెప్పే మాటే గానీ, గర్భం వచ్చిన ఎక్కువమందికి అసలేమీ కనిపించదు. కనిపించినా ఒకటి రెండు రోజులు, చుక్కలుగా, లేత గులాబీ లేదా గోధుమరంగులో. ప్యాడ్ తడవదు, గడ్డలుండవు. గోధుమరంగంటే రక్తం బయటికి రావడానికి సమయం తీసుకుందని అర్థం, అంతే. కలయిక తర్వాత గర్భాశయ ముఖద్వారం ఒరుసుకున్నా, అక్కడ పుండో ఇన్‌ఫెక్షనో ఉన్నా, ప్రొజెస్టెరాన్ కాస్త ముందే తగ్గినా ఇలాంటి మరకే వస్తుంది. మరకను చూసి ఆ మూడింటినీ విడదీయలేం.

దీనివల్ల జరిగే అసలు పొరపాటు వేరే ఉంది. నెలసరి తేదీకి పలచగా ఒకటిన్నర రోజు రక్తం పోతే "వచ్చేసింది" అనుకుని పరీక్ష చేసుకోరు. వారాల లెక్క కూడా ఆ రోజు నుంచే మొదలుపెడతారు. తర్వాత స్కాన్‌లో నాలుగు వారాల తేడా బయటపడుతుంది. ఎప్పుడూ వచ్చేంత రాకపోతే దాన్ని నెలసరిగా లెక్కించకండి, పరీక్ష చేయండి.

మంచుముత్యం

రక్తపరీక్ష ఉంది కదా, ఇన్ని రోజులు ఎదురుచూడటం దేనికి? బీటా హెచ్‌సీజీ చేయిస్తే 31వ తేదీకే తేలిపోతుంది.

కాపు_కాసే_కన్ను

తేలకపోవచ్చు. రక్తంలో 5 కంటే తక్కువుంటే లేదని, 25 దాటితే ఉందని చెప్తారు. 5కీ 25కీ మధ్య వస్తే రెండు రోజులాగి మళ్ళీ తీయాలి. మార్చి 31కి ఈమెకు 9 నుంచి 12 రోజులు. అప్పుడే అతుక్కుని ఉంటే 3 రావచ్చు, 8 రావచ్చు, రెండూ జవాబులు కావు. తొలి రోజుల్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి సూదితో ముందే వెతికే బదులు నాలుగైదు రోజులు ఆగితే అదే అంకె గట్టిపడి మూత్రంలోనే కనిపిస్తుంది.

రక్తపరీక్ష ముందే అవసరమైనవాళ్ళున్నారు. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళు, ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్ళు, ట్యూబులకు ఆపరేషన్ అయినవాళ్ళు. వాళ్ళకు ఉందా లేదా అన్నది మాత్రమే ప్రశ్న కాదు, అంకె ఎలా పెరుగుతోందన్నది కూడా. 48 గంటల తేడాతో రెండు నమూనాలు, రెండూ ఒకే ల్యాబులో. వేరు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు, కిట్లు మారితే అంకె మారుతుంది.

అండం విడుదల కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. ఆ మందు 10 నుంచి 14 రోజులు ఒంట్లో ఉంటుంది, స్ట్రిప్ దాన్నే చూపించి రెండు గీతలు వేస్తుంది. గర్భస్రావం తర్వాత కూడా పాత హార్మోను కరగడానికి కొన్ని వారాలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు, యాంటీబయాటిక్‌లు, నొప్పి మాత్రలు గీతను మార్చవు.

చిగురు

నెలవంక గారూ, మీకు తేదీ: ఏప్రిల్ 6 ఉదయం. మీ నెలల్లో అతి పొడవైనది 33 రోజులు కాబట్టి దానికి ఒకరోజు దాటాక. అప్పటికి అండం విడుదలై 15 నుంచి 18 రోజులు అవుతుంది. ఒకే గీత వచ్చి నెలసరి కూడా రాకపోతే 9న ఒకసారి, అప్పటికీ లేకపోతే 13న. రోజూ చేయకండి. రోజుకో గీత ముదురుతోందా లేతవుతోందా అని పోల్చుకోవడం స్ట్రిప్ పని కాదు.

అప్పుడు రెండు గీతలు వస్తే ఆ తర్వాత కనిపించేవే నమ్మదగ్గ లక్షణాలు. అవి కూడా వారాల ప్రకారం వస్తాయి. వారాలంటే ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి.

నెల తప్పిన వారంలో పొత్తికడుపులో మెలిపెట్టినట్టు, లాగినట్టు ఉంటుంది. చాలామంది ఇవాళో రేపో నెలసరి వస్తుందని ప్యాడ్ పెట్టుకుని తిరుగుతారు. రెండు వైపులా, లేదా మధ్యలో, వచ్చిపోతూ ఉండే ఈ నొప్పి మామూలే. రొమ్ముల నొప్పి నెలసరి ముందైతే నెల రాగానే తగ్గుతుంది. ఇక్కడ తగ్గదు. 6వ వారానికి చర్మం కింద నీలి నరాలు పైకి తేలతాయి, చనుమొనలు చల్లగాలికే జివ్వుమంటాయి. 8వ వారం నుంచి మొన చుట్టూ ఉన్న వలయం నల్లబడుతుంది, దాని మీద చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. అవి మొటిమలు కావు, నూనె గ్రంథులు, గిల్లకండి.

వేవిళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దీనికోసమే ఎదురుచూస్తారు. మొదలయ్యేది 5 లేదా 6వ వారంలో, అంటే నెల తప్పిన వారం పది రోజులకు. 9వ వారం ప్రాంతంలో బాగా ఎక్కువ, 16వ వారానికి చాలామందిలో తగ్గిపోతుంది. నెల తప్పకముందే వాంతులైతే అది కడుపులో తేడా, వేవిళ్ళు కాదు. ఉదయమే రావాలని కూడా లేదు, కొందరికి సాయంత్రమే మొదలవుతుంది. ఖాళీ కడుపున ఎక్కువ కాబట్టి మూడు పెద్ద భోజనాల బదులు రెండు గంటలకోసారి కొంచెం పొడిగా ఏదైనా తిని, నీళ్ళు భోజనంతో పాటు కాకుండా మధ్యలో గుక్కలుగా తాగాలి. వేవిళ్ళు రాకపోతే గర్భం బలహీనంగా ఉన్నట్టు కాదు. ఏమీ లేకుండా హాయిగా మోసేవాళ్ళు ఎందరో. కానీ అప్పటిదాకా లేనిది 9 వారాలు దాటాక కొత్తగా వాంతులు మొదలైతే వేరే కారణం వెతకాలి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, థైరాయిడ్, పిత్తాశయం.

వాసనలు పడకపోవడం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, లాలాజలం ఊరడం వేవిళ్ళతో పాటే నడుస్తాయి. మాటిమాటికి మూత్రం రావడం 6వ వారం నుంచే. మొదట్లో గర్భసంచి ఒత్తిడి కన్నా మూత్రపిండాలకు రక్తం ఎక్కువ పారడమే కారణం. మంట, దుర్వాసన, జ్వరం ఉంటే మాత్రం దాన్ని గర్భం ఖాతాలో వేసి ఊరుకోకూడదు, మూత్రపరీక్ష చేయించాలి. తెల్లబట్ట పలచగా, పాలలా, వాసన లేకుండా ఉంటే సహజం. దురద, పెరుగు విరిగినట్టు ముద్దలు, పసుపుపచ్చ రంగు ఉంటే చూపించుకోవాలి. రక్తనాళాలు సడలి బీపీ కొంచెం తగ్గుతుంది కాబట్టి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి.

6వ వారంలో కనిపించే పొట్ట బిడ్డది కాదు, గాలిది. గర్భసంచి కటి ఎముక పైకి చేతికి తగిలేది సుమారు 12వ వారంలో. కదలికలు తొలి కాన్పుకు 18 నుంచి 20 వారాలకు. అంతకుముందు గుడగుడలాడేవి పేగులే.

సన్నజాజి

నెలసరి తేదీ అంటూ ఒకటి లేనివాళ్ళు ఏం చేయాలి? పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉన్నవాళ్ళకి 40 రోజులకో 70 రోజులకో వస్తుంది. పాలిచ్చే తల్లులకు అసలు రాదు. వీళ్ళకి "నెల తప్పడం" అనే గుర్తే లేదు.

వారాల_లెక్క

వాళ్ళకు క్యాలెండర్ నెలసరి నుంచి కాదు, కలయిక నుంచి మొదలవుతుంది. రక్షణ లేని ఆఖరి కలయిక తర్వాత 21 రోజులు ఆగి, ఉదయం మూత్రంతో చేస్తే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు. ఎందుకు 21? వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతకగలవు, ఆపై అతుక్కోవడానికి 12 రోజుల దాకా, హార్మోను 25 దాటడానికి మరికొన్ని రోజులు. 21 రోజులకు ఒకే గీత వస్తే ఆ కలయికతో గర్భం రానట్టే. మధ్యలో మళ్ళీ కలిస్తే లెక్క మళ్ళీ మొదటికి.

నెల సక్రమంగా వచ్చేవాళ్ళలో కూడా ఆలస్యం అనేది చాలాసార్లు నెలసరిది కాదు, అండానిది. జ్వరం, ఒక్కసారిగా బరువు తగ్గడం, విపరీతమైన వ్యాయామం, నిద్ర చెడటం, వీటివల్ల అండం పదిరోజులు ఆలస్యంగా విడుదలైతే నెలసరి కూడా పదిరోజులు జరుగుతుంది. అలాంటి నెలలో 35వ రోజున చేసిన పరీక్షలో ఒకే గీత వచ్చిందంటే, గర్భం లేదనీ కావచ్చు, ఇంకా తొందర అనీ కావచ్చు. అందుకే వారం ఆగి మళ్ళీ.

పాలిచ్చే తల్లుల విషయంలో: బిడ్డకు 6 నెలలు నిండకుండా, పాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, నెలసరి తిరిగి రాకుండా ఉంటేనే పాలివ్వడం రక్షణ. మూడింటిలో ఒకటి తప్పినా కాదు. మొదటి అండం మొదటి నెలసరికి ముందే విడుదలవుతుంది కాబట్టి, ఒక్కసారీ నెల రాకుండానే మళ్ళీ గర్భం నిలవొచ్చు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నవాళ్ళకు నెలసరి ముందుకీ జరుగుతుంది, వెనక్కీ జరుగుతుంది. అనుకున్న తేదీకి వారం దాటితే పరీక్ష. నలభై దాటాక నెల ఆగిందంటే ముట్లుడిగే వయసని తోసేయకుండా ఒక స్ట్రిప్ వాడటం మంచిది.

కాపు_కాసే_కన్ను

రెండు గీతలు వచ్చినవాళ్ళకు. స్ట్రిప్ గర్భం ఉందని చెప్తుంది, ఎక్కడ ఉందో చెప్పదు. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో, నిలుస్తాయి. మొదట్లో దానికీ ఇవే లక్షణాలు: నెల తప్పుతుంది, రొమ్ములు నొప్పి, వికారం, రెండు గీతలు. తేడా తెలిసేది 6 నుంచి 8 వారాల మధ్య. ఒకవైపు పట్టుకుని వదలని పొత్తికడుపు నొప్పి, దానితో పాటు చుక్కలు చుక్కలుగా ముదురు రక్తం. ట్యూబు చిట్లితే భుజం చివర నొప్పి వస్తుంది, ముఖ్యంగా పడుకున్నప్పుడు. కడుపులో చేరిన రక్తం ఉదర వితానాన్ని (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొరను) రాపిడి చేస్తే అక్కడి నరం ఆ నొప్పిని భుజంలో చూపిస్తుంది. భుజం పట్టేసిందని మర్దన చేసుకుంటూ కూర్చోకూడదు. కళ్ళు బైర్లు కమ్మడం, చల్లటి చెమట, మలవిసర్జనకు వచ్చినట్టు కింద ఒత్తిడి, వీటిలో ఏదున్నా అదే గంటలో అత్యవసర విభాగానికి. గర్భం రాకుండా లోపల పెట్టించుకునే లూప్ ఉండగా గర్భం వస్తే నొప్పి లేకపోయినా త్వరగా స్కాన్ చేయించాలి, అలాంటప్పుడు ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ.

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, 24 గంటలు నీళ్ళు కూడా నిలవనంత వాంతులు, 8 గంటలుగా మూత్రం రాకపోవడం, ఇవి కూడా ఆగే విషయాలు కావు. రక్తం గ్రూపు నెగటివ్ అయినవాళ్ళు రక్తస్రావం అయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

స్కాన్‌కి తొందరపడకండి. లోపలి స్కాన్‌లో (యోని ద్వారా చేసేది) 5 వారాలకు సంచి, 5న్నరకు అందులో యోక్ శాక్ (పిండానికి మొదట్లో పోషణ ఇచ్చే చిన్న తిత్తి), 6 వారాలకు గుండె చప్పుడు కనిపిస్తాయి. పొట్ట మీది స్కాన్‌లో ఇంకో వారం ఆలస్యం. నెలవంక గారికి 6 వారాలు నిండేది ఏప్రిల్ 14, కానీ అండం 2 నుంచి 5 రోజులు ఆలస్యంగా విడుదలైంది కాబట్టి ఆ రోజు స్కాన్‌లో ఖాళీ సంచి కనిపించినా ఆశ్చర్యం లేదు. ఏప్రిల్ 26 తర్వాత వెళ్తే ఒకేసారి పని అయిపోతుంది. ముందే వెళ్ళి "గుండె చప్పుడు లేదు" అని వింటే, పిండం పొడవు 7 మిల్లీమీటర్లు దాటిందా, లేదా పిండం లేని సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు ఉందా అని రిపోర్టులో చూడండి. అంతకన్నా చిన్నగా ఉంటే ఆ మాట తుది తీర్పు కాదు, వారం పైన ఆగి మళ్ళీ చూడాలి.

చిగురు

ఏప్రిల్ 6 దాకా ఏం చేయాలని ఎవరూ అడగలేదు గానీ, అసలు విలువైన రోజులు అవే. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. మీ లెక్కలో ఏప్రిల్ 16 నుంచి 19. రెండు గీతలు చూసి, డాక్టరు దగ్గరికి వెళ్ళి, మాత్ర మొదలుపెట్టేసరికి ఆ తేదీ దాటిపోతుంది. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటికే వేసుకుంటూ ఉండాలి, వేసుకోకపోతే ఇవాళ మొదలుపెట్టండి, 12 వారాల దాకా. మధుమేహం, మూర్ఛ మందులు, ఇంతకుముందు బిడ్డకు వెన్నులోపం ఉన్నవాళ్ళకు 5 మిల్లీగ్రాములు, అది డాక్టరు రాయాల్సిందే.

మొటిమలకు వేసుకునే ఐసోట్రెటినోయిన్, మెథోట్రెక్సేట్, వార్ఫరిన్, కొన్ని రకాల బీపీ మాత్రలు, వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్ళు గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇప్పటికే ప్రయత్నిస్తుంటే ఇవాళే ఫోన్ చేయండి. మూర్ఛ మందు, రక్తం పలచబడే మందు మీ అంతట మీరు ఆపకండి. ఫిట్స్ వచ్చినా రక్తం గడ్డకట్టినా తల్లికీ బిడ్డకీ ముప్పే. తలనొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, ఐబుప్రోఫెన్ జోలికి వెళ్ళొద్దు. మద్యం, పొగ రెండూ మానాలి.

నెలవంక

ఫోలిక్ యాసిడ్ రెండు నెలలుగా వేసుకుంటున్నాను, వేరే మందులేవీ లేవు. ఏప్రిల్ 6కి అలారం పెట్టాను. ఒక్కటే అర్థం కాలేదు: ఆ రోజు రెండు గీతలు వస్తే 4 వారాల 6 రోజులు అంటారన్నమాట. కానీ ఫలదీకరణ జరిగి రెండు వారాల పైచిలుకే కదా? మరి కాన్పు తేదీ దేన్నుంచి లెక్కిస్తారు?

వారాల_లెక్క

ఆఖరి నెలసరి నుంచే. అండం విడుదలైన రోజు ఎవరికీ కచ్చితంగా తెలియదు, నెలసరి మొదలైన రోజు అందరికీ గుర్తుంటుంది, అందుకే ఆ ఏర్పాటు. మొదటి రెండు వారాలు కడుపులో ఎవరూ లేకపోయినా లెక్కలో ఉంటాయి. మార్చి 3కి 280 రోజులు కలిపితే డిసెంబర్ 8. కొందరు 7 రోజులు కలిపి 3 నెలలు వెనక్కి లెక్కిస్తారు, అలా చేస్తే డిసెంబర్ 10 వస్తుంది. నెలల్లో 30, 31 తేడాల వల్ల ఆ రెండు రోజులు. ఈ 280 రోజుల లెక్క 28 రోజుల నెలకు కట్టింది, మీ నెల 2 నుంచి 5 రోజులు పొడవు కాబట్టి డిసెంబర్ 10 నుంచి 13 అని అనుకోండి. మొదటి స్కాన్‌లో పిండం పొడవు కొలిచాక అవసరమైతే తేదీ సరిచేస్తారు. ఆ సరిచేసిన తేదీనే చివరిదాకా ఉంచుకోవాలి, తర్వాతి స్కాన్‌లు వేరే తేదీ చూపించినా.